ముదిరిన లివర్ సిర్రోసిస్: పొట్టనీరు, మగత, రక్తపు వాంతుల విషయంలో ఇంటివాళ్లు ఏమి చేయాలి, ఎలా చేయాలి

సిర్రోసిస్ ముదిరిందని చెప్పి డిశ్చార్జి చేసిన వారం పది రోజులకు ఇంటివాళ్లు మళ్లీ ఓపీకి వచ్చి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. తీయించిన నీరు పొట్టలో మళ్లీ ఎందుకు చేరింది? పప్పు పెట్టవచ్చా? రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటున్నారు, నిద్రమాత్ర వేయవచ్చా? విరేచనం నల్లగా అయింది, తెల్లారేదాకా ఆగవచ్చా? ఈ జబ్బు ఉన్న ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఒక్కటే: మానవలసిన ఉప్పును మానరు, మానకూడని పప్పును మానేస్తారు. ప్రాణం మీదికి తెచ్చే ఉపద్రవాలు చాలావరకు రెండు మూడు రోజుల ముందే ఇంట్లో కనిపిస్తాయి, కానీ ఏమి చూడాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వాటిని గుర్తుపట్టరు. అందుకే ఇదంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను.

కారణం గురించి ఇంత తెలిస్తే చాలు. కాలేయం గట్టిపడినప్పుడు (సిర్రోసిస్ అంటే ఇదే) పేగుల నుంచి దానిలోకి రావలసిన రక్తం సాఫీగా ప్రవహించలేక ఆ సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వల్లే పొట్టలో నీరు చేరుతుంది, అన్నవాహికలో సిరలు ఉబ్బి చిట్లుతాయి, కాలేయం వడకట్టవలసిన విషపదార్థాలు మెదడుకు చేరి మగత వస్తుంది. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరుతోనూ ఊబకాయంతోనూ కాలేయంలో పేరుకునే కొవ్వు, వీటిలో కారణం ఏదైనా ఇంట్లో చూసుకోవలసిన తీరు ఇదే. మందుల మోతాదు మాత్రం మీ వైద్యుడు రాసినదే వాడండి. ఇక్కడ ఇచ్చిన అంకెలు మీరు ప్రశ్నలు సరిగా అడగడానికే గాని, మాత్రలు మీరే మార్చుకోవడానికి కాదు.

కావలసినవి

డిజిటల్ బరువు యంత్రం, థర్మామీటరు, చేతికి కట్టే బీపీ మిషను, కొలత టీ చెంచా, 200 పేజీల నోట్‌బుక్ ఒకటి. వీటితోపాటు ఒక ఫైలు ఉండాలి. అందులో డిశ్చార్జి సమ్మరీ, చివరి ఎండోస్కోపీ రిపోర్టు, చివరి రక్తపరీక్షలు, బ్లడ్ గ్రూపు, ప్రస్తుతం వాడుతున్న మందుల పట్టిక పెట్టుకోండి. రాత్రి వేళ కూడా ఎండోస్కోపీ చేయగలిగిన ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ముందే కనుక్కుని, దాని ఫోన్ నంబరును ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. రక్తపు వాంతి అయిన రాత్రి ఆ వెతుకులాటకు సమయం ఉండదు.

1. రోజూ ఉదయం బరువు చూసి రాయండి

నిద్ర లేచి మూత్రానికి వెళ్లి వచ్చాక, టిఫిన్‌కు ముందు, ఒకే రకమైన పలచటి బట్టలతో, రోజూ అదే యంత్రం మీద చూడండి. నీరు పోయే మాత్రలు వాడుతున్నవారిలో కాళ్ల వాపు లేకపోతే రోజుకు అర కిలోకు మించి, వాపు ఉంటే రోజుకు కిలోకు మించి బరువు తగ్గకూడదు. త్వరగా తగ్గితే మంచిదే కదా అని సంతోషించేవారు ఉంటారు, కానీ ఆ వేగానికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటి కండ కాదు, నీరే. పొట్ట బిగిసేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

2. ఉప్పును కొలిచి వాడండి

పొట్టలో నీరున్న మనిషికి రోజు మొత్తానికి సుమారు 5 గ్రాముల ఉప్పే పరిమితి. పాలు, కూరగాయల్లో సహజంగా ఉండేది కూడా ఇందులోకే వస్తుంది కాబట్టి మీరు వంటలో వేసేది ముప్పావు టీ చెంచా దాటకూడదు. అంచనాతో ఇది కుదరదు. ఉదయాన్నే ముప్పావు చెంచా ఉప్పు చిన్న డబ్బాలో పోసి పెట్టుకుని, కూర, పప్పు ఉప్పు వేయకముందే రోగి వాటా పక్కకు తీసి, ఆ డబ్బాలోని ఉప్పే కొద్దికొద్దిగా కలపండి. రాత్రికి డబ్బాలో మిగిలితే సరే, మధ్యాహ్నానికే ఖాళీ అయితే ఆ పూటే తెలిసిపోతుంది.

అసలు ఉప్పు ఎక్కువగా దాక్కునేది కూరలో కాదు. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, ఉప్పు వేసిన మజ్జిగ, కారప్పూస, బిస్కెట్లు పూర్తిగా ఆపాలి. ఇడ్లీ పిండిలో, బజ్జీల్లో వేసే వంటసోడాలోనూ సోడియం ఉంటుంది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు, పొడులు కూడా ఈ జాబితాలోవే. నోటికి రుచి తగలడానికి నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు, పుదీనా ధారాళంగా వాడవచ్చు.

ఇక్కడ రెండు పొరపాట్లు పదే పదే జరుగుతున్నాయి. మొదటిది సైంధవ లవణం. ఒక పెద్దాయనకు మాత్రల మోతాదు రెండుసార్లు పెంచినా నీరు తగ్గలేదు. కారణం ఏమిటో తెలియక మేము మరిన్ని పరీక్షలు రాస్తుంటే, మూడోసారి వచ్చినప్పుడు ఆయన భార్య "ఉప్పు అసలు వాడడం లేదండీ, సైంధవమే వేస్తున్నాను" అన్నారు. సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే, రంగు మాత్రమే వేరు. ఆ ప్రశ్న మొదటి రోజే అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండోది, సోడియం తక్కువని అమ్మే ప్రత్యేక ఉప్పు. అందులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. స్పైరోనోలాక్టోన్ అనే నీరు పోయే మాత్ర వాడుతున్నవారిలో పొటాషియం అప్పటికే పెరిగే అవకాశం ఉంటుంది కనుక ఈ ఉప్పు గుండె లయను తప్పించగలదు. చలవ చేస్తుందని రోజూ కొబ్బరిబొండాలు తాగించడం కూడా ఇదే కారణంగా ప్రమాదం.

నీళ్లు తగ్గించడం మాత్రం అందరికీ అవసరం లేదు. రక్తంలో సోడియం 125 కన్నా తగ్గినప్పుడే సాధారణంగా వైద్యులు నీళ్ల మీద పరిమితి పెడతారు. పొట్టలో నీరుంది కదా అని దాహంతో మాడ్చడం తప్పు. అలాగే చప్పిడి తిండి మింగుడుపడక మనిషి కంచం ముందు నుంచి లేచిపోతున్నట్లయితే వైద్యుడితో మాట్లాడి ఉప్పు కాస్త సడలించండి, ఎందుకంటే తినకపోవడం ఉప్పు కన్నా పెద్ద నష్టం.

3. నీరు పోయే మాత్రలను కనిపెట్టుకుని ఉండండి

సాధారణంగా స్పైరోనోలాక్టోన్ ఒక్కటి గాని, ఫ్యూరోసెమైడ్‌తో కలిపి గాని ఉదయం పూట ఇస్తారు. మొదలుపెట్టిన వారంలోను, మోతాదు మార్చిన ప్రతిసారీ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం బాగా తగ్గినా, మనిషి తికమకపడుతున్నా ఆ రోజు మాత్ర వేసేముందే ఫోన్ చేసి ఆపాలో వద్దో అడగండి. మగవారిలో రొమ్ము నొప్పి, వాపు వస్తే సిగ్గుపడి మాత్ర మానేయకండి. అది స్పైరోనోలాక్టోన్ వల్ల వచ్చే ఇబ్బందే, మార్చి ఇవ్వడానికి వేరే మందు ఉంది.

4. నీరు తీయించవలసి వస్తే

పొట్ట బిగిసి ఊపిరి ఆడనప్పుడు సూదితో నీరు తీస్తారు. ఒకసారి తీయిస్తే ఇక తీయిస్తూనే ఉండాలన్న భయంతో కొందరు ఒప్పుకోరు. నీరు మళ్లీ చేరేది జబ్బు వల్ల, ఉప్పు వల్ల, సూది వల్ల కాదు. 5 లీటర్లకు మించి తీసినప్పుడు, తీసిన ప్రతి లీటరుకు సుమారు 8 గ్రాముల చొప్పున అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) ఎక్కించాలి, లేకపోతే రక్తప్రసరణ తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి. 20 శాతం అల్బుమిన్ 100 మి.లీ. సీసాలో 20 గ్రాములు ఉంటుంది కాబట్టి 8 లీటర్లు తీస్తే మూడు సీసాలకు పైగా పడుతుంది. ఖరీదైనదని దీన్ని వదిలేయమని అడగకండి.

తీసిన నీటిలో కణాల లెక్క చూశారా అని తప్పక అడగండి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఒక ఘన మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించితే ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకినట్టే, వెంటనే ఇంజెక్షన్ యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి. ఈ ఇన్ఫెక్షన్ వచ్చిన వారందరికీ జ్వరం రాదు. పొట్టలో సన్నని నొప్పి, కొత్తగా మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటి దగ్గర యాంటీబయోటిక్ వేసి చూడడం వల్ల పరీక్షలో అసలు విషయం మరుగునపడుతుంది.

పొట్టనీటి ఒత్తిడికి బొడ్డు ఉబ్బినవారిలో ఆ ఉబ్బు మీది చర్మం పలచబడి మెరుస్తున్నా, నీరు ఊరుతున్నా, గట్టిపడి నొప్పి పెడుతున్నా అది కూడా ఆగకూడని పరిస్థితే.

5. మగతను అక్షరాల్లో పట్టుకోండి

మనిషి మతి తప్పి మాట్లాడితే ఎవరికైనా తెలుస్తుంది. తెలియవలసింది అంతకు ముందు దశ. రాత్రి నిద్ర పట్టక పగలు నిద్రపోవడం, టీవీ రిమోటు పట్టుకుని ఏ మీట నొక్కాలో తోచక కూర్చోవడం, చిన్న మాటకే చిరాకు, స్నానం మీద అనాసక్తి, ఇవన్నీ మొదటి గుర్తులు. దీనికి ఇంట్లో చేయదగిన మంచి పరీక్ష చేతిరాత. నోట్‌బుక్‌లో రోజూ ఉదయం ఒకే వాక్యం, తేదీ రాయించి పక్కన సంతకం పెట్టించండి. చదువు రానివారితో అయిదు కోణాల నక్షత్రం గీయించండి.

అరవై దాటిన ఒక అమ్మకు షుగరు, కాలేయంలో కొవ్వు వల్ల సిర్రోసిస్ వచ్చింది, మద్యం ముఖం ఎరుగరు. ఆవిడ రోజూ రామకోటి రాసేవారు. ఒకరోజు కోడలు ఆ పుస్తకాన్నే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సోమవారం పేజీలో ప్రతి పేరూ గడిలో ఒద్దికగా ఉంది. బుధవారానికి అక్షరాలు పెద్దవై గీతలు దాటి కిందికి జారాయి. గురువారం పేజీలో సగం నుంచి "శ్రీ" కాస్తా "శీ" అయింది. మాటలో తేడా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అడిగితే, పెళ్లికి వెళుతూ దారిలో విరేచనాల బెడద ఎందుకని సిరప్ ఆపేశారని, నాలుగు రోజులుగా విరేచనమే కాలేదని తేలింది. కోడలు ఆ పుస్తకం చూసింది కాబట్టి స్పృహ తప్పేదాకా పోకుండా రెండు రోజుల్లో తేరుకున్నారు.

ఆ సిరప్ లాక్టులోజ్, మగత తెచ్చే విషపదార్థాలను విరేచనంతో బయటికి పంపేది. దాని మోతాదుకు కొలమానం మి.లీ. కాదు, విరేచనాలు. రోజుకు రెండు నుంచి మూడు మెత్తటి విరేచనాలు కావాలి. సాధారణంగా 15 నుంచి 30 మి.లీ. రెండు మూడు పూటలు ఇస్తారు. రెండు కన్నా తక్కువైతే పెంచమని, నాలుగు దాటి నీళ్లగా అవుతుంటే తగ్గించమని వైద్యుడు ముందే చెప్పి ఉంటారు, చెప్పకపోతే అడిగి రాయించుకోండి. నీళ్ల విరేచనాలు ఎక్కువైనా ఒంట్లో నీరు, లవణాలు పోయి అదే మగత మళ్లీ వస్తుంది. సిరప్ తియ్యగా ఉందని షుగరు ఉన్నవారు మానేస్తుంటారు, కానీ అది రక్తంలోకి దాదాపుగా చేరదు, పేగులోనే పనిచేస్తుంది. తీపి వెగటనిపిస్తే నీళ్లలోనో నిమ్మరసంలోనో కలిపి ఇవ్వవచ్చు. మగత తరచుగా తిరగబెట్టేవారికి దీనితోపాటు పేగులో పనిచేసే యాంటీబయోటిక్ రిఫాక్సిమిన్ 550 మి.గ్రా. రెండు పూటలా రాస్తారు.

సరిచూసుకోవడానికి ఇంకొక పద్ధతి ఉంది. రెండు చేతులూ ముందుకు చాపించి, ట్రాఫిక్ పోలీసు ఆగమని చూపినట్టు అరచేతులు పైకి నిలబెట్టించి, వేళ్లు ఎడంగా 15 సెకన్లు పట్టి ఉంచమనండి. చేతులు పక్షి రెక్కల్లా తటతట కిందికి పడుతుంటే మగత మొదలైనట్టే.

నిద్రమాత్ర ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఇవ్వవద్దు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో సిరప్ పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అటువంటప్పుడు ఆసుపత్రిలో ఎనిమా ద్వారా ఇస్తారు. మగత ఒకసారి వచ్చి తగ్గినవారికి, వైద్యుడు సరేననే దాకా బండి తాళాలు ఇవ్వకండి. మగత వచ్చిన ప్రతిసారీ కారణం వెతకాలి. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, లోపల రక్తస్రావం, నీరు పోయే మాత్రలు ఎక్కువవడం, నిద్రమాత్రలు, ఈ అయిదింటిలో ఒకటి దాదాపుగా దొరుకుతుంది.

6. రక్తస్రావాన్ని ముందే ఆపే ఏర్పాటు

సిర్రోసిస్ ఉన్నవారికి ఎండోస్కోపీ చేసి సిరలు ఉబ్బాయేమో చూస్తారు. అవసరాన్ని బట్టి ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలోల్ లేదా ప్రొప్రనలోల్ మాత్ర ఇస్తారు, లేదా ఉబ్బిన సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. మాత్ర వాడేవారు వారానికి రెండుసార్లు నాడి, బీపీ నోట్‌బుక్‌లో రాయాలి. ప్రొప్రనలోల్ వాడేవారికి నాడి నిమిషానికి 55, 60 మధ్య ఉండేలా మోతాదు చూస్తారు. మాత్ర ఏదైనా పై బీపీ 90 కన్నా తగ్గితే ఫోన్ చేయాలి. బ్యాండింగ్ ఒక్కసారితో పూర్తి కాదు. సిరలు కనిపించకుండా పోయేదాకా కొన్ని వారాలకు ఒకసారి చేయించాలి. మొదటిసారి తరువాత బాగానే ఉందని రెండోసారికి రానివారే రక్తపు వాంతులతో తిరిగి వస్తుండడం చూస్తున్నాను. బ్యాండ్ వేసిన ఒకటి రెండు వారాల్లో అక్కడి పుండు నుంచి కూడా రక్తం రావచ్చు, కాబట్టి మొదటి రోజుల్లో మెత్తటి ఆహారమే పెట్టండి.

రక్తపు వాంతి అయినా, తారులా నల్లగా జిగటగా దుర్వాసనతో విరేచనం అయినా 108కి ఫోన్ చేయండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ విరేచనం నల్లబడుతుంది గాని అది జిగటగా ఉండదు, ఆ వాసన రాదు. అనుమానం ఉంటే రక్తమేనని అనుకుని బయలుదేరండి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోటికి ఏమీ ఇవ్వకండి, మజ్జిగ కూడా వద్దు. సిరలను కుంచింపజేసే ఇంజెక్షన్, యాంటీబయోటిక్ వెంటనే మొదలుపెట్టి, 12 గంటలలోపు ఎండోస్కోపీ చేయడం సరైన చికిత్స. అందుకే ఆ సౌకర్యం లేని చోట సెలైన్ ఎక్కించుకుంటూ తెల్లవార్లూ ఉండిపోవడం ప్రమాదకరం.

7. తిండి తగ్గించకండి

కామెర్లకు పథ్యం అనే పేరుతో పప్పు, గుడ్డు, నూనె, పసుపు అన్నీ మాన్పించి గంజి, చారన్నం మీద ఉంచడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. ముదిరిన కాలేయ జబ్బులో తొడలు, భుజాల కండ కరిగిపోతుంది. ఆ కండే మగతను కలిగించే అమ్మోనియాను కొంత తీసివేస్తుంది కాబట్టి, ప్రోటీన్ తగ్గిస్తే మగత తగ్గకపోగా పెరుగుతుంది. నీటి బరువు తీసేసిన అసలు బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరం. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పులో సుమారు 7, పెద్ద గ్లాసు పాలలో 6 నుంచి 7 గ్రాములు ఉంటుంది. మూడు పూటలా పప్పు, రెండు గుడ్లు, పాలు, పెరుగు, సోయా లేదా పనీర్, తినేవారికి చేప గాని కోడికూర గాని కలిస్తేనే ఈ లెక్కకు చేరుకుంటాం.

పగలు మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకండి. పడుకునే ముందు రెండు ఇడ్లీలో, పాలలో అటుకులో, అరటిపండుతో పాలో తప్పనిసరిగా పెట్టండి. (పొటాషియం ఎక్కువ ఉందన్నవారికి అరటిపండు వద్దు.) రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. శనివారం ఒంటిపూటలు, కార్తీక సోమవారం ఉపవాసాలు ఈ మనిషి చేయకూడదు. పెద్దవాళ్లు బాధపడితే, ఆ ఉపవాసం ఇంట్లో మరొకరు వారి పేరున చేయవచ్చు.

8. ఇవి ఇంట్లోకి రానివ్వకండి

నొప్పుల మాత్రలు, అంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి, ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే నొప్పుల సూది మూత్రపిండాలను ఒక్క రోజులోనే దెబ్బతీయగలవు, రక్తస్రావం చేయగలవు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాలే మేలు, రోజు మొత్తానికి 2 గ్రాములు మించకుండా, అంటే 500 మి.గ్రా. మాత్రలైతే నాలుగు, 650 మి.గ్రా. మాత్రలైతే మూడు.

కామెర్లకు ఇచ్చే పసరు మందులు, చేతి మీద వాతలు వద్దు. మూలిక కదా, హాని ఏముంటుందన్న నమ్మకం కూడా సరికాదు. తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్నవారి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు.

మద్యం చుక్క కూడా పనికిరాదు. కల్లు చలవ కదా అనేవారికి ఒక మాట చెప్పాలి. కల్లులోనూ ఆల్కహాలే ఉంది, పైగా కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు దొరికిన సందర్భాలు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. ఈ రోగికి ఆ మందులు నేరుగా కోమాకు దారితీయగలవు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసినప్పుడు వణుకు, ఫిట్స్ రావచ్చు కనుక మాన్పించడం వైద్యుడి పర్యవేక్షణలో జరగాలి. హెపటైటిస్ బి మందు వాడేవారు రిపోర్టు బాగుందని దాన్ని సొంతంగా ఆపకూడదు.

9. ఆరు నెలల పరీక్ష, మార్పిడి గురించిన మాట

బాగున్నా, బాగులేకపోయినా 6 నెలలకొకసారి పొట్ట స్కానింగ్, దానితోపాటు కాలేయ కాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించాలి. సిర్రోసిస్ మీద పుట్టే కాన్సర్ చిన్నగా ఉన్నప్పుడు ఏ బాధా ఉండదు, చికిత్సకు లొంగేది కూడా అప్పుడే.

పొట్టనీరు, మగత, రక్తస్రావం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి మొదటిసారి వచ్చినా కాలేయ మార్పిడి గురించి అడగవలసిన సమయం అదే. బిలిరుబిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పేది), క్రియాటినిన్ వంటి అంకెలతో జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు లెక్కిస్తారు, అది 15 లేదా అంతకు మించితే మార్పిడి కేంద్రానికి పంపడం ఆనవాయితీ. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవం కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించుకోవాలి. దగ్గరి బంధువు తన కాలేయంలో కొంత భాగం ఇవ్వవచ్చు, ఇచ్చినవారిలో అది కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ప్రభుత్వ పథకం వర్తిస్తుందా, ఏ పత్రాలు కావాలి అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి. ఈ మాట వైద్యుడు ఎత్తేదాకా ఆగకుండా మీరే అడగండి. వెళ్లే రోజున ఫైలుతోపాటు బరువు, విరేచనాలు, చేతిరాత ఉన్న ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. దాని చివరి పేజీలో, కాలేయం ఇవ్వడానికి ముందుకొచ్చిన బంధువుల వయసులు, బ్లడ్ గ్రూపులు రాసి ఉంచండి.